మా పిన్నికి రొయ్యలు పడవు

పోయిన నెల రెండో ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని చనిపోయింది. ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని వేయించారు. ఆమె నిద్రపోలేదు. గొంతు పట్టేసుకుని, ఊపిరి అందక, తనకేం జరుగుతోందో పూర్తిగా తెలిసి, కళ్ళు తెరుచుకునే పోయింది. ఫోన్లు చేసి పరామర్శించిన వాళ్ళందరిదీ ఒకటే మాట. "ఏదో పడలేదంట కదమ్మా?"

అవునండీ, పడలేదు. ఆ ఒక్క మాట వెనకాల ఎంతమంది ఉన్నారో చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. ఆమెను తలుచుకుంటూ నాలుగు మంచి మాటలు నెమ్మదిగా రాద్దామనే కూర్చున్నాను. ప్రతి వాక్యంలోనూ కోపమే వస్తోంది. చదివేవాళ్ళు మన్నించాలి. మన్నించకపోయినా నేనేం చేయలేను.

నేను విజయవాడలో, బెంజ్ సర్కిల్‌కు దగ్గర్లోని ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. నేను పదో తరగతిలో ఉండగా మా అమ్మ కామెర్లతో పోయింది. నాన్న అంతకుముందే లేడు. అమ్మను సమాధి చేసిన రోజు సాయంత్రం పిన్ని నా పుస్తకాల సంచీ తన భుజానికి తగిలించుకుని, "పద" అంది. అంతే. ఎవర్నీ అడగలేదు, ఎవరితోనూ చర్చించలేదు. బంటుమిల్లి దాటాక, ఒకప్పుడు వరి పండి ఇప్పుడు రొయ్యల చెరువులైపోయిన పొలాల మధ్య వాళ్ళ ఊరు. పిన్నికి పిల్లల్లేరు. బాబాయి చెరువుల మీద మేత చల్లే పనికి వెళ్ళేవాడు. పిన్ని రొయ్యల షెడ్డుకు వెళ్ళేది.

షెడ్డంటే పొడవాటి రేకుల కప్పు. చెరువుల్లో పట్టిన రొయ్యలు ఐసులో వేసి అక్కడికి తెస్తారు. బల్లల ముందు వరసగా ఆడవాళ్ళు నిలబడి తలలు తీస్తారు, పెంకు ఒలుస్తారు, వీపు మీద నల్లటి నరం లాగేస్తారు. పక్క గదిలో కొన్నిటిని ఉడకబెడతారు. ఆ ఆవిరి అంతా రేకుల కిందే తిరుగుతుంది. పిన్ని పదకొండేళ్ళు ఆ ఆవిరిలో నిలబడింది. ఇంటికొచ్చి ముందు ఉప్పు, నిమ్మచెక్కతో చేతులు తోముకునేది. మూడుసార్లు వాసన చూసుకునేది. వాసన పోయిందని నమ్మకం కుదిరాకే నా పుస్తకాలు ముట్టుకునేది.

తను చదివింది ఏడో తరగతి. కానీ అచ్చులో ఉన్నది ఏది కనబడినా చదవకుండా వదిలేది కాదు. సబ్బు కాగితం, ఎరువుల సంచీ, మాత్రల అట్ట, పొట్లం కట్టిన పాత పేపరు ముక్క, అన్నీ కూడబలుక్కుంటూ పైకే చదివేది. నేను జువాలజీ బట్టీ పడుతుంటే ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అదేంటో నాకూ చెప్పు" అనేది.

"నీకెందుకు పిన్నీ, నీకు అర్థం కాదు" అన్నాను ఒకసారి, చిరాగ్గా.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పలేకపోయావంటే నీకూ అర్థం కాలేదన్నమాటే. మళ్ళీ చదువు" అంది, తల ఎత్తకుండా.

నేను పాఠాలు చెప్పడం నేర్చుకున్నది ఏ ట్రైనింగులోనూ కాదు. ఆ చాట ముందు.

నేను విజయవాడ వచ్చి ఉద్యోగంలో చేరాక, రెండు నెలలకోసారి పిన్ని వచ్చి నా గదిలో రెండు రోజులుండి వెళ్ళేది. మూడేళ్ళ కిందట అలా వచ్చినప్పుడు ఆమె వేళ్ళ మధ్య చర్మం ఎర్రగా చిట్లి ఉంది. దురద అంది. "డిటర్జెంట్ మార్చు పిన్నీ" అన్నాను. మళ్ళీ వచ్చినప్పుడు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నిద్ర చాలట్లేదేమో" అన్నాను. ఆ తర్వాత షెడ్డులో ఉడకబెట్టే గది పక్కన నిలబడితే పిల్లికూతలు వస్తున్నాయంది. అప్పుడు కూడా నేను దుమ్ము అన్నాను. ఆ వారమే నేను మూడు సెక్షన్లలో ఇమ్యూనిటీ పాఠం చెప్పాను. బోర్డు మీద యాంటీబాడీ బొమ్మ గీశాను. అలర్జీ అంటే ఏమిటో, ఏ కణం ఏం చేస్తుందో గంటసేపు చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చున్న మనిషిని చూడలేకపోయాను. ఈ కథలో నాకు ముందు కోపం నా మీదే.

ఊళ్ళో అందరూ డాక్టరుగారని పిలిచే ఆర్.ఎం.పి. ఆమెకు వారానికి రెండుసార్లు దురద ఇంజెక్షన్ వేసి పంపేవాడు. షెడ్డు సూపర్‌వైజరు, చేతికి గ్లవ్స్ అడిగితే, "గ్లవ్స్ ఏసుకుంటే చెయ్యి ఆడదమ్మా, పని తెమలదు. అయినా ఇంతమందికి రానిది నీకే ఎందుకొచ్చిందంట?" అన్నాడట.

ఒకరోజు ఇంట్లో రొయ్యల వేపుడు తిన్న కాసేపటికి పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పిన్ని కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ పూట ఎలాగో తేరుకుంది. అప్పటికి నాకు బుద్ధొచ్చింది. విజయవాడ తీసుకొచ్చి అలర్జీ డాక్టరుగారికి చూపించాను. రక్తపరీక్ష చేయించారు. రిపోర్టు చూసి ఆయన, "ఇక రొయ్యలు తినకూడదు, ముట్టకూడదు, ఆ ఆవిరి కూడా పీల్చకూడదమ్మా" అని ఖచ్చితంగా చెప్పారు. అడ్రినలిన్ ఇంజెక్షన్ ఆంప్యూల్స్ రెండు, సిరంజి ఇచ్చి, ఎప్పుడు ఎలా వేయాలో వివరంగా ఒక ఉత్తరం రాసి, అన్నీ ఒక డబ్బీలో పెట్టుకుని ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నారు.

ఆ సాయంత్రం నా గదిలో టీ తాగుతూ పిన్ని అడిగింది. "ఇంతమందికి రానిది నాకే ఎందుకొచ్చింది? ఆ సూపర్‌వైజరు అడిగితే నేనేం చెప్పలేకపోయా. నువ్వు చెప్పు."

చెప్పాను. రొయ్య కండలో ఒక ప్రోటీన్ ఉంది, ఉడకబెట్టినా ఎండబెట్టినా వేయించినా అది చెడదు. ఏళ్ళ తరబడి ఆవిరిలోంచీ, చేతుల పగుళ్ళలోంచీ నీ ఒంట్లోకి వెళ్ళింది. చాలామంది ఒళ్ళు దాన్ని పట్టించుకోదు. కొందరి ఒళ్ళు దాన్ని శత్రువనుకుంటుంది. అనుకుని, దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటి పేరు ఐజీఈ. అవి వెళ్ళి చర్మంలోనూ, ముక్కులోనూ, ఊపిరి గొట్టాల్లోనూ, పేగుల్లోనూ కాపలా ఉండే మాస్ట్ కణాలకు తగులుకుని కూర్చుంటాయి. అప్పటికి ఏమీ కాదు. మనిషికి తెలియను కూడా తెలియదు. మళ్ళీ ఆ ప్రోటీన్ వచ్చి, పక్కపక్కనున్న రెండు యాంటీబాడీలను ఒకేసారి పట్టుకుని కలిపేసిందా, ఆ కణం తన లోపల దాచుకున్న హిస్టమిన్‌నూ మిగతా రసాయనాలనూ ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. దద్దుర్లు, వాపు వస్తాయి. అదే ఒళ్ళంతా జరిగితే బీపీ పడిపోతుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి.

పిన్ని గ్లాసు కింద పెట్టి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగాగు. ఆ కణం అంటే ఒక గోతాం. దాని చుట్టూ కొక్కేలు. కొక్కేలు మొదట్లోనే తగిలిచ్చి పెట్టుకుంది ఒళ్ళు. ఒక కొక్కేనికి తగిలితే ఏం కాదు. రెండింటికీ ఒకే రొయ్య తగులుకుని లాగితే గోతాం నోరు తెరుచుకుంటది. అంతేనా?"

"అంతే పిన్నీ."

"మరి గోతాంలో సరుకు దేనికి దాచుకుంది? ఊరికే దాచుకోదుగా."

"ఒంట్లోకి వచ్చే నులిపురుగుల్లాంటి వాటి మీద వాడ్డానికి."

పిన్ని తన అరచేతులు తిప్పి చూసుకుంది. తర్వాత నవ్వింది. "అంటే నన్ను కాపాడదామనే నన్ను కొడతందన్నమాట. మంచిదే పాపం నా ఒళ్ళు, కాకపోతే మొద్దుది."

ఇన్నేళ్ళలో నా క్లాసులో ఏ పిల్లా, ఏ పిల్లాడూ ఆ గోతాంలో సరుకు ఎందుకుందని అడగలేదు. మార్కులకు అది అక్కర్లేదు.

"ఎంత తింటే అట్టా అవుద్ది?" అంది మళ్ళీ.

"కొంచెం చాలు. ఎంత కొంచెమో ముందుగా ఎవరం చెప్పలేం."

డాక్టరుగారు వద్దన్నా, వేరే పని దొరికేదాకా అంటూ పిన్ని ఊరికి వెళ్ళి మళ్ళీ షెడ్డుకే వెళ్ళింది. అక్కడ చేసిన మొదటి పని, ఆ పాఠాన్ని అందరికీ చెప్పడం. మధ్యాహ్నం అన్నాల వేళ బల్లబల్లకూ వెళ్ళి, గోతామూ కొక్కేలూ చెప్పింది. "తెలిసింది మనలోనే ఉంచుకుంటే రొయ్యలాగే కుళ్ళిపోద్ది" అనేది. విన్నవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు తమ చేతులు చూసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ పని మానుకున్నారు. ఉడకబెట్టే గదిలో ఆవిరి బయటికి లాగే ఫ్యానూ, అందరికీ గ్లవ్సూ, మూతికి మాస్కూ కావాలని పిన్ని సూపర్‌వైజరును మళ్ళీ అడిగింది. ఈసారి వెనకాల నలుగురు నిలబడ్డారు.

"ఏంటమ్మా, యూనియన్ పెడతన్నావా?" అన్నాడతను. "నీకు పడదన్నావుగా. రేపట్నించి రామాకు. నీ మంచికే చెబుతున్నా."

పదకొండేళ్ళ పనికి వీడ్కోలు అది. పిన్ని ఏడవలేదు. ఇంటికొచ్చి పాత కుట్టుమిషన్ తుడిచి, లంగాలు కుట్టడం, చీరలకు ఫాల్స్ వేయడం మొదలుపెట్టింది. నేను కోపంతో ఊగిపోతుంటే, "ఆడికి అర్థం కాలేదు, మనం చెప్పలేకపోయాం" అంది. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. అతనికి అర్థమైంది. అర్థమైంది కాబట్టే పొమ్మన్నాడు.

అసలు మన భాషలో ఈ మాటే తప్పుగా ఉంది. అత్తకూ కోడలికీ పడదు అంటాం. అన్నదమ్ములకు పడదు అంటాం. రొయ్యలు పడవు అని కూడా అదే మాటతో అంటాం. వినేవాళ్ళకు అదేదో అలకలాగా, పంతంలాగా వినబడుతుంది. కాస్త బతిమాలితే, కాస్త బలవంతం చేస్తే సర్దుకుపోయేదిలాగా. పిన్ని విషయంలో చుట్టాలంతా అలాగే విన్నారు. "పదకొండేళ్ళు రొయ్యలు ఒలిచింది, కూరొండుకు తింది, ఇప్పుడు పడవంట." "కూతురు బెజవాడలో ఉద్యోగం కదా, పెద్దింటి రోగం వచ్చింది." ఒక పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడు, "వాసనకే చస్తావా ఏంటి పిన్నిగారూ" అని రొయ్యల కూర గరిటె ఆమె ఆకు మీద ఆడించాడు. పక్కనవాళ్ళు నవ్వారు. నేను అక్కడే ఉన్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది గానీ, లేకపోతే ఆ రోజు ఆ పంక్తిలో ఇంకొకటి జరిగేది.

అప్పట్నుంచి ఎక్కడికి వెళ్ళినా తన అన్నం తనే డబ్బాలో పెట్టుకుని వెళ్ళేది. బిస్కెట్ ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు సైతం కూడబలుక్కుని చదివేది. అది పాత అలవాటే, ఇప్పుడు పనికొచ్చింది. కానీ గోంగూర గిన్నెకు లేబులు ఉండదు కదండీ. దానికి లేబులు వండినవాళ్ళ మాటే.

బాబాయి అక్కగారింట్లో, పక్క ఊళ్ళో, మనవడి మొదటి పుట్టినరోజుకు కృతజ్ఞత కూడిక, ప్రార్థనా భోజనాలూ పెట్టుకున్నారు. ఆవిడను నేను అత్త అని పిలుస్తాను. పిన్నికి వదిన. ముందురోజే ఫోన్ చేసి చెప్పిందట. "మా ఇంటికొచ్చి కూడా డబ్బా ఇప్పుతావా? నలుగురిలో మా పరువు తియ్యమాకు. నీకు వేరే వండిచ్చి పక్కన పెడతాలే." పిన్ని ఆ ఒక్కరోజు డబ్బా తీసుకెళ్ళలేదు. మందుల డబ్బీ మాత్రం తీసుకెళ్ళింది.

అక్కడ జరిగింది నాకు బాబాయి చెప్పాడు. మిగతాది వంట దగ్గరున్న ఒకావిడ, నాలుగు రోజుల తర్వాత, ఏడుస్తూ చెప్పింది.

వడ్డించేటప్పుడు పిన్ని అడిగింది. "వదినా, ఇందులో ఏం కలవలేదుగా?"

"లేదమ్మా, నీకోసమే పక్కన పెట్టా. తిను" అంది అత్త.

ఆ గోంగూరలో ఎండురొయ్యల పొడి అరచెంచా వేసింది. పొరపాటున కాదు. కావాలని వేసింది. పొద్దున వంట దగ్గర ఆడవాళ్ళతో చెప్పింది కూడా. "చెప్పకుండా కొంచెం వేస్తా. తిన్నాక ఏం కాకపోతే అప్పుడు చెబుతా. ఆ భ్రమ వదిలిద్ది." ఎండురొయ్యల వాసన పిన్నికి కొత్తా? పదకొండేళ్ళు ఆ వాసనలో బతికిన మనిషి. కానీ గోంగూర పులుపు, వెల్లుల్లి ఘాటు, పైగా మాట ఇచ్చిన వదిన. అరచెంచా పొడి అందులో దాక్కుంది. వంట దగ్గర విన్నవాళ్ళలో ఒక్కరూ వద్దనలేదు. ఒకరిద్దరు నవ్వారు కూడానట.

నాలుగు ముద్దలు తిన్నాక పిన్ని చెయ్యి ఆపేసింది. అరచేతులు రుద్దుకుంది. లేచి బాబాయి దగ్గరికి వచ్చి, "కూరలో రొయ్య పడింది. డబ్బీ తియ్యి" అంది. అంత స్పష్టంగా చెప్పింది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. బాబాయి డబ్బీ తీశాడు. ఆంప్యూల్ గాజు మెడ ఎలా విరగ్గొట్టాలో ఆయనకు తెలియదు. విజయవాడలో డాక్టరుగారు చూపించింది నాకూ పిన్నికీ. పిన్ని తనే అందుకోబోయింది గానీ, వాచిన వేళ్ళలో అది నిలవలేదు. ఊళ్ళో ఉండేది బాబాయి కదా, ఆయనకు నేర్పాలని నాకు తట్టనే లేదు. రెండేళ్ళున్నాయి నాకు నేర్పడానికి.

అక్కడి ఆర్.ఎం.పి. ఇల్లు వీధి చివరే. నడిపించుకుని తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి బాబాయి నాకు ఫోన్ చేశాడు. మా కాలేజీలో ఆదివారం కూడా పరీక్షలుంటాయి. హాల్లో ఫోన్ తీయకూడదు. రెండుసార్లు వణికి ఆగిపోయాక, మూడోసారి వరండాలోకి పరిగెత్తి తీశాను.

"మీ పిన్నికి ఆయాసంగా ఉందమ్మా, డాక్టరుగారు ఇంజెక్షన్ వేశారు."

"ఏ ఇంజెక్షన్? డబ్బీలోదేనా?"

"కాదంట. దురదకు ఇచ్చేదంట."

"ఫోన్ ఆయనకివ్వు బాబాయ్! డాక్టరుగారూ, దురద ఇంజెక్షన్ ఇప్పుడు చాలదండీ. అడ్రినలిన్ వెయ్యండి. తొడకు, కండలోకి. ఉత్తరంలో డోసు రాసుంది."

"అమ్మా, అది గుండె ఆగినోళ్ళకిచ్చే ఇంజెక్షను. నా చేతుల మీద ఏదన్నా అయితే ఎవరిది పూచీ? నేను వెయ్యను. గుడివాడ తీసుకెళ్ళమంటున్నా."

"నాది పూచీ. నాది! ముందు వెయ్యండి. ఆమెను పడుకోబెట్టండి, కాళ్ళు ఎత్తి పెట్టండి, లేపి నిలబెట్టకండి..."

లైను తెగింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అక్కడ వాళ్ళు ఆమెను లేపి, చెరో రెక్కా పట్టుకుని కారు వరకు నడిపించారు. గడప దాటుతుండగా పిన్ని బాబాయి ముఖం చూసి ఏదో అనబోయిందట. మాట రాలేదు. అక్కడే ఒరిగిపోయింది. గుడివాడ ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు.

ఇది చదివేవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే, కోపం పక్కన పెట్టి ఒక్క మాట చెబుతాను. దురదకు ఇచ్చే మందు, గోతాంలోంచి బయటపడ్డ హిస్టమిన్‌ను ఒక్కదాన్నే అడ్డుకుంటుంది. పడిపోతున్న బీపీని నిలబెట్టదు, మూసుకుపోతున్న ఊపిరి గొట్టాన్ని తెరవదు. అవి రెండూ చేసేది అడ్రినలిన్. ముందు అదే వెయ్యాలి, ఆలస్యం లేకుండా, తర్వాత ఆసుపత్రికి పరిగెత్తాలి. మనిషిని పడుకోబెట్టే ఉంచాలి. ఆయాసంతో పడుకోలేకపోతే కాళ్ళు చాపి కూర్చోబెట్టాలి. నిలబెట్టకూడదు, నడిపించకూడదు. ఇది తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. ఆమెకు మాట రావడం లేదు.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు, "దేవుడు తనకు కావలసిన బిడ్డను పిలుచుకున్నాడు, ఆయన చిత్తం" అన్నారు. మంచి మనిషే ఆయన. కానీ నేను కూర్చోలేకపోయాను. లేచి నిలబడి, "అయ్యగారూ, దేవుడు పిలవలేదండీ. అరచెంచా రొయ్యల పొడి వేసి పంపించారు. ఆయన మీద తోసెయ్యకండి" అన్నాను. బాబాయి తల వంచుకున్నాడు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.

కూడిక అయ్యాక పెరట్లో అత్త నా చేతులు పట్టుకుంది.

"చంపుదామని వేశానా తల్లీ? నా తమ్ముడి పెళ్ళాం. పెళ్ళికూతుర్ని చేసినప్పుడు నా చేత్తో తల దువ్వాను."

"లేదత్తా. చంపుదామని వెయ్యలేదు. గెలుద్దామని వేశావు."

ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఓదార్చాలని అనిపించడం లేదు. పిన్నయితే ఓదార్చేది. పక్కన కూర్చుని, వీపు నిమిరి, "నేను సరిగ్గా చెప్పలేకపోయా వదినా" అని తప్పు తన మీద వేసుకునేది. అంత మంచితనం నేను ఆమె దగ్గర నేర్చుకోలేదు. మిగతావన్నీ నేర్చుకున్నాను.

అత్త ఊళ్ళో ఆ ఇంజెక్షన్ వెయ్యనన్న ఆర్.ఎం.పి. దగ్గరికి కూడా వెళ్ళాను. కేకలేద్దామనే వెళ్ళాను, వేశాను. అతను బల్ల మీద చేతులు పెట్టుకుని అంతా విన్నాడు. చివరికి, "నాకెవరు చెప్పారమ్మా? నేను నేర్చుకున్న చోట ఆ మందంటే భయమే నేర్పారు" అన్నాడు. నాకు జాలి కలగలేదు. కానీ కూర్చుని, కాగితం తీసుకుని, గోతామూ కొక్కేలూ బొమ్మ గీసి చెప్పాను. డాక్టరుగారి ఉత్తరంలో ఉన్నదంతా అతని చేత రాయించాను. తప్పు రాస్తే కొట్టేసి మళ్ళీ రాయించాను. అతను ఆ కాగితాన్ని మందుల బీరువా అద్దానికి అంటించాడు. నేను నమస్కారం పెట్టకుండా వచ్చేశాను.

పోయిన ఆదివారం సెలవు పెట్టి బాబాయి దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం అన్నం తిని, నేను గిన్నెలు తోముతుంటే గేటు చప్పుడైంది. షెడ్డు ఆడవాళ్ళు. పని నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చీరలు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు. వరండా మెట్ల మీదా, కింద నేల మీదా సర్దుకుని కూర్చున్నారు. తర్వాత వాళ్ళలో పెద్దావిడ గొంతు సవరించుకుంది.

"మీ పిన్ని చెప్పేటప్పుడు మేం సరిగ్గా ఇనలేదమ్మా. పని పోద్దని భయం. ఇప్పుడు చూడు."

ఆవిడ కొంగు తీసి, జాకెట్టు చెయ్యి పైకి లాగి, మోచెయ్యి దాకా చాపింది. ఎర్రటి దద్దు, గోకిన చారలు. పక్కనున్న అమ్మాయి కూడా చాపింది. ఆమె పక్కన ఇంకొకావిడ. ఒక్కొక్కరే గాజులు వెనక్కి తోసుకుని చేతులు ముందుకు పెట్టారు. లెక్కపెట్టాను. తొమ్మిది మంది. మెట్ల మీద నుంచి గేటు దాకా ఎండలో చాపిన చేతులు, ఐసుకు నాని తెల్లబడిన వేళ్ళు, ఏ ఒక్కరూ ఇంకా వెనక్కి తీసుకోలేదు.